ఇంటర్వ్యూ కోసం బ్యాడ్మింటన్

"డాక్టరువయ్యాక ఎంతైనా ఆడుకో" అంటూ నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న నా రాకెట్టును బీరువా మీదికెక్కించారు. మా ఇళ్లలో ఇది మామూలే. ఎంట్రన్సు రాసే పిల్లకి ఆటలేమిటి, పాటలేమిటి!

డాక్టర్నయ్యాను. షార్జాలో ఇంటర్న్‌గా చేస్తూ రెసిడెన్సీకి, అంటే అక్కడి పీజీ సీటుకి, దరఖాస్తు పెట్టబోతుంటే, మా సీనియర్ డాక్టరొకావిడ నా వివరాలు చూసి పెదవి విరిచింది.

"మార్కులు అందరికీ ఉంటాయమ్మా. చదువు కాక ఇంకేం చేస్తావు? ఇంటర్వ్యూలో అడిగేది అదే."

ఏం చేస్తాను? డ్యూటీ, గది, నిద్ర. ఒళ్లు మండిపోయింది. ఆడొద్దన్నవాళ్లు ఒకరు, ఎందుకు ఆడలేదని నిలదీసేవాళ్లు ఇంకొకరు! కానీ ఈ సీటు రాకపోతే ఇంటికెళ్లి మళ్లీ మొదటినుంచి ఎంట్రన్సు చదవాలి.

కొత్త రాకెట్టు కొని, మన తెలుగువాళ్లు ఎక్కువగా ఆడే ఇండోర్ కోర్టుకు వెళ్లాను. అక్కడ అందరూ నలుగురేసి జట్లు. ఏళ్లుగా అదే నలుగురు, అదే ఆదివారం, ముందే బుక్ చేసుకున్న అదే కోర్టు. "ఎవరైనా రాకపోతే పిలుస్తామండీ" అన్నారు, మర్యాదగానే. ఒక్కరికైనా జలుబు చేయలేదు, నా ఖర్మ! బెంచీ మీద కూర్చుని చూసేదాన్ని. ఏడుపొచ్చేది.

ఆ బెంచీ మీద ఇంకొకావిడ కూర్చునేది. అమలాపురం వైపు మనిషి. తను పనిచేసే ఇంటి పిల్లల్ని కోచింగ్‌కి తీసుకొచ్చేది.

"మీరు ఆడరేటండి?" అంది ఒకరోజు.

"జతకి ఎవరూ లేరక్కా."

"ఓస్, అంతేనా! నేను రానేటండి? హైస్కూల్లో ఉన్ని బంతితో బాల్ బ్యాడ్మింటన్ ఆడినోళ్లమే, ఆయ్! పిల్లలొచ్చేదాకా నాకు పనేటుంది?"

పిల్లల పాత రాకెట్టు ఒకటి తెచ్చుకుంది. బయట పార్కింగ్ పక్కన, నెట్టు లేకుండానే ఆడాం. ఆవిడ ఉన్ని బంతిని బాదినట్టే బాదేది. షటిల్ వెళ్లి కార్ల కింద దూరేది.

"డాక్టరమ్మగారూ, వంగడం మీ వంతేనండి!" అని చున్నీ నడుముకి బిగించి పకపకా నవ్వేది. ఆ గంట కోసం వారమంతా కాచుకుని ఉండేదాన్ని. ఆ ఊళ్లో నన్ను చూసి నవ్విన మనిషి ఆవిడొక్కతే.

ఇంటర్వ్యూలో అడగనే అడిగారు. కోర్టు దొరకని సంగతి, పార్కింగ్, కార్ల కింద షటిల్, అన్నీ చెప్పేశాను. ముగ్గురూ నవ్వారు. సీటొచ్చింది. అందులో మార్కుల వాటా ఎంతో, ఆ నవ్వుల వాటా ఎంతో ఇప్పటికీ తెలియదు.

ముందు అక్కకే చెప్పాలని స్వీట్లు పట్టుకుని కోర్టుకు పరుగెత్తాను. ఆ పిల్లలే ఉన్నారు. పక్కన మాత్రం వేరే ఆవిడ, ఆవిడదీ గోదావరి యాసే. వీసా గడువు ఖలాస్ అయి అక్క ఊరెళ్లిపోయిందట. ఫోన్ నంబరు నేనెప్పుడూ అడగలేదు. వచ్చే వారం ఎలాగూ కలుస్తాంగా అనుకునేదాన్ని.

కొత్తావిడ నా చేతిలోని డబ్బా చూసి, "ఆవిడ మీకేటవుద్దండి?" అంది.

"మా అక్కండీ."

"మరి మీకు చెప్పకుండా ఎలా ఎల్లిపోయిందండి?"