వెనక సీటు మాటలు

మలేషియాలోని సుంగై పెటాని ఊళ్ళో, తెలుగువాళ్ళుండే ఫ్లాట్లలో డాక్టరంటే సూది వేసే మనిషే. మోహనప్రియ సూది వెయ్యదు. ఇళ్ళలో దెబ్బలు ఎలా మొదలవుతాయో, ముందే ఎలా ఆపవచ్చో, మనసులో మిగిలిన గాయం ఎలా మానుతుందో చదివి డాక్టరేట్ తెచ్చుకుంది. ఇప్పుడదే పని మీద రెండేళ్ళ ఫెలోషిప్.

"ఇంకా సదువేనా? ఎప్పుడు పాసవుతావు లా?" అంటాడు పక్కింటి తాతయ్య, అక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి. మోహన నవ్వేస్తుంది.

నవ్వుతుంది గానీ, మూడు వారాల్లో ఫెలోషిప్ సమీక్ష. ఆలోగా పన్నెండు మంది ఆడవాళ్ళు తమ కథ చెప్పాలి. లేదంటే రెండో ఏడాది లేదు. ఇంతవరకు ఒక్కరూ నోరు విప్పలేదు.

తప్పు తనదే. ఎవరికీ వినపడని చోటు కావాలన్నది నియమం. సరేనని కింది సంఘం గదిలో పువ్వుల గుడ్డ పరిచి కూర్చుంది. వాన వచ్చింది, పిల్లి వచ్చింది. ఆడవాళ్ళు రాలేదు. ఆ గది గడప తొక్కితే నాలుగు అంతస్తులకీ చాటుకున్నట్టే కదా!

శనివారం పొద్దున్న రెండో అంతస్తు పుష్పం అత్తకి బస్సు తప్పింది. మోహన తన బండి మీద మార్కెట్‌కి ఎక్కించుకుంది. రోడ్డు పక్కన మిగిలిన నాలుగు రబ్బరు చెట్లు ఎర్రటి ఆకుల్ని గాలికి అప్పగిస్తున్నాయి.

"పిల్లా, నువ్వడుగుతున్నది ఆ దెబ్బల సంగతేనా?" వెనకనుంచి గొంతు.

"అవునత్తా. బండి ఆపనా?"

"ఆపకు. మొకం సూస్తే నాకు మాట రాదు."

మోహన వేగం తగ్గించింది.

"మాయన తాగొచ్చిన రోజు పక్కింటికి ఉప్పుకి పోయీదాన్ని. గిన్నెట్టుకెళితే ఉప్పుకే. ఉత్త సేతుల్తో పోతే మరిడమ్మక్క ఏటీ అడగదు. కూకోమని తలుపేసేసీది. రబ్బరు తోటలో మా కూలి ఇళ్ళ లైన్లో అందరికీ తెలుసును."

"ఎవులు నేర్పినారత్తా?"

"ఎవులు నేర్పుతారు లా! మేవే సేసుకున్నాం."

మూడు వందల పేజీల థీసిస్‌లో ఆ ఉత్త చేతులు ఎక్కడా లేవు. కానీ సమ్మతి కాగితం మీద సంతకం లేకుండా ఒక్క ముక్క రాసుకోకూడదు. మార్కెట్ దగ్గర బండి ఆపి, మోహన ఆ మాటే చెప్పింది.

"వద్దంటే ఇక్కడే మరిసిపోతానత్తా."

"మరిసిపోతావా? నలబై ఏళ్ళకి నోరు తెరిస్తేనా!" పుష్పం సంచీ కింద పెట్టింది. "తే, ఆ కాయితం. పేరు మాత్రం రాయకు. మరిడమ్మక్క ఇప్పుడూ మన ఫ్లాట్లలోనే, వచ్చే వారం ఆవిణ్ణి ఆస్పత్రి కాడ దింపు. ఆవిడ కాడ ఇంకా శానా ఉంది."

ఆ మధ్యాహ్నమే మోహన, మాట్లాడే స్థలం 'మోటారుసైకిల్' అని మార్చమని విశ్వవిద్యాలయం కమిటీకి రాసింది. వాళ్ళు ఒకటే అడిగారు, వెనక కూర్చునేవారికి హెల్మెట్ ఉందా అని.

సమీక్షకి ముందురోజు మెట్ల కింద పన్నెండో ఆవిడ నిలబడి ఉంది.

"ఎక్కడ దింపాలక్కా?"

"ఎక్కడా లేదు. ఊరికే తిప్పు లా."

మోహన టాంకు నిండా పెట్రోలు పోయించింది.