దుప్పటి పట్టిన చేతులు

మార్కాపురంలో తన కెమెరాకు చిక్కని మొహం లేదని ఓబులేసు చెప్పుకునేవాడు. అడిగినవాళ్లకు చెప్పేవాడు, అడగనివాళ్లను నిలబెట్టి మరీ చెప్పేవాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఊరందరికీ తెలుసు కాబట్టి ఎవరూ కాదనేవాళ్లు కాదు. ఆ మాట ఎంత అబద్ధమో పందొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం దాకా ఆయనకే తెలియలేదు.

ఆయన పుల్లలచెరువు వైపు అడవి అంచున గొర్రెలు కాసుకునే కాశయ్య కొడుకు. గొర్రెల వెంట తిరగడం కుదరదని తండ్రితో పోట్లాడి, కర్నూలు రాజధాని అయిన ఏడాది అక్కడికి పోయి ఒక ఫోటో దుకాణంలో చేరాడు. గుడారాల్లో ఆఫీసులు నడిచిన రోజులవి. కొత్తగా ఉద్యోగం వచ్చిన ప్రతివాడికీ కోటు తొడుక్కుని కుర్చీలో కూర్చుని ఒక ఫోటో దిగాలనిపించేది. మూడేళ్లు గాజు ప్లేట్లు కడిగి, మందునీళ్లలో వేళ్లు నల్లబడ్డాక పని పట్టుబడింది. ఈలోగా రాజధాని హైదరాబాదుకు లేచిపోయింది, గిరాకీ కూడా దాని వెంటే పోయింది. యజమాని ఇచ్చిన పాత కెమెరా పెట్టె నెత్తిన పెట్టుకుని ఓబులేసు మార్కాపురం వచ్చి దుకాణం తెరిచాడు.

ఆ కెమెరా మోయడం ఒక శిక్ష. చెక్కపెట్టె, మూడు కాళ్ల స్టాండు, నల్లగుడ్డ, గాజు ప్లేట్ల సంచి. దొనకొండ పెళ్లికి రైల్లో పోయినా, చంద్రశేఖరపురం పెళ్లికి బండిలో పోయినా ఆ సరంజామా అంతా ఒళ్లో పెట్టుకుని కూర్చోవలసిందే. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టుందని పక్కవాళ్లు నవ్వేవాళ్లు. ఎడ్లబండి గుంతలో పడి ప్లేట్లు గలగలమంటే ఆయన తలప్రాణం తోకకొచ్చేది. ఒక ప్లేటు మీద ఒక బొమ్మే పడుతుంది. పగిలిందంటే పెళ్లి మళ్లీ చెయ్యమని ఎవరిని అడుగుతాడు?

ఒకసారి సొంత మనుషుల పెళ్లికే పుల్లలచెరువు పోయాడు. పెళ్లికొడుకు కాటమరాజు తన పొట్టేలు కూడా ఫోటోలో పడాలని పట్టుబట్టాడు. సరే, దాన్నీ నిలబెట్టాడు. పెళ్లికూతురి కంటే అదే కదలకుండా నిలబడింది. అంతా కుదిరాక చూస్తే నడిమధ్యలో అలివేలమ్మ కూర్చుని ఉంది. కాటమరాజు నాయనమ్మ. మొగుడు పోయి ముప్పై ఏళ్లయింది, ఒంటి మీద తెల్లచీర.

"అవ్వా, కొంచెం పక్కకు జరుగు," అన్నాడు ఓబులేసు. పట్నంలో అలవాటైన మాట, నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"ఏందన్నా ఆ మాట. ఆమె లేకుంటే నేనెక్కడోణ్ణి, ఈ పెళ్లెక్కడిది," అన్నాడు కాటమరాజు.

ఓబులేసు నవ్వేసి ఫోటో తీశాడు. అడవి మనుషులకు పద్ధతులు తెలియవని మనసులో అనుకున్నాడు కూడా. తానూ ఆ అడవి అంచున పుట్టినవాడేనన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు. నాలుగు రోజులు పట్నంలో ఉంటే మనిషికి ముందు వచ్చేది పొగరు, తెలివి తర్వాత ఎప్పుడో వస్తుంది.

మార్కాపురంలో పెళ్లి ఫోటోలకు ఇంకో చిక్కు ఉంది. పలకల గనుల ఊరు కదా, చాలా ఇళ్లకు గోడలు ఆ నల్లరాతివే. నల్లగోడ ముందు నల్లజుట్టు కలిసిపోయి మనుషులు బోడిగుండ్లలా పడతారు. అందుకని వధూవరుల వెనక తెల్లదుప్పటి కట్టాలి. కడదామంటే ఆ రాతికి మేకు దిగదు. చివరికి ఇద్దరు మనుషులు చెరో అంచూ పట్టుకుని నిలబడేవాళ్లు. ఫోటోలో పడాలని ఊరంతా ముందుకు ఎగబడుతుంటే వెనక దుప్పటి పట్టుకునేది ఎవరు? ఫోటోలో పడకూడనివాళ్లు. దుకాణం గుమాస్తాలు, పనిమనుషులు, మొగుడు పోయినవాళ్లు.

యాభై తొమ్మిది వైశాఖంలో చెన్నకేశవరావు ఇంట్లో పెళ్లి. ఆయనకు బజారులో బట్టల దుకాణం. పెళ్లికూతురు ఆయన తమ్ముడి బిడ్డ, అనంతలక్ష్మి. తమ్ముడు ఆ పిల్ల నాలుగేళ్లప్పుడే పోయాడు. తమ్ముడి భార్య విశాలాక్షి ఆ ఇంట్లోనే, వంటింట్లోనే బతికి పిల్లను పెంచుకొచ్చింది. పెళ్లికి వారం ముందు నుంచీ అరిసెలు వత్తింది ఆమె, పసుపు దంచింది ఆమె. తాళి కట్టేటప్పుడు మాత్రం వాకిట్లోకి రాలేదు. రావద్దని ఎవరూ అనలేదు. అనవలసిన అవసరం ఎవరికీ రాదు, అదే అందులోని విడ్డూరం.

తెల్లారి ఎండ వాకిట్లోకి రాగానే ఓబులేసు రెండు కుర్చీలు వేయించి కొత్త దంపతులను కూర్చోబెట్టాడు. దుప్పటి ఒక అంచు గుమాస్తా పుల్లారావు పట్టుకున్నాడు. రెండో అంచుకు మనిషి కావాలని కేకేస్తే, వంటింటి గడప దగ్గర నుంచి విశాలాక్షి వచ్చింది.

"నేను పడతా నాయనా. వెనకాలే కదా," అంది.

చెన్నకేశవరావు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. ఆమె కొంగు తలమీదికి లాక్కుని దుప్పటి వెనక్కి పోయి, పెళ్లికూతురి వైపు అంచు పట్టుకుంది. పెళ్లంతటిలో బిడ్డకు అంత దగ్గరగా ఆమె నిలబడింది అప్పుడే. మధ్యలో ఒక దుప్పటి.

ఓబులేసు నల్లగుడ్డలో తల దూర్చి అంతా సరిచూసుకుని బయటికొచ్చాడు. కెమెరా మూత మీద చెయ్యి వేశాడు. అప్పుడు దుప్పటి వెనక నుంచి సన్నగా మాట వినిపించింది.

"నాయనా, పిల్ల మొహం ఎట్లుంది? నవ్వుతాందా?"

"మాట్లాడొద్దక్కా. పిల్ల కదులుతాది," అని ఆయన మూత తీసి మూడు అంకెలు లెక్కపెట్టి మూత పెట్టేశాడు.

పెట్టాక చూస్తే పెళ్లికూతురి తల పక్కకు తిరిగి ఉంది. ఓబులేసుకు ఒళ్లు మండింది. చూపు పక్కకు పోయిన ఫోటోను ఏ పెళ్లివారూ తీసుకోరు. "ఇటు చూడమ్మా, ఇటు. నేనీడుంటే అటేం చూస్తావు," అని గదమాయించి, కెమెరా ఇంకాస్త దగ్గరికి జరిపి, ఇంకో ప్లేటు వేసి మళ్లీ తీశాడు. ఈసారి అనంతలక్ష్మి గుడ్లప్పగించి నేరుగా చూసింది. ఆ ఫోటోనే అంచులు కత్తిరించి పటం కట్టి ఇచ్చాడు. చెన్నకేశవరావు మెచ్చుకున్నాడు. వెనక నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు చెప్పాలన్న సంగతి ఓబులేసుకు ఆ తర్వాత గుర్తే లేదు.

నాలుగేళ్లు గడిచాయి. విశాలాక్షి విషజ్వరం వచ్చి తొమ్మిది రోజుల్లో పోయింది. గిద్దలూరులో కాపురముంటున్న అనంతలక్ష్మి వచ్చి, కర్మలన్నీ ముగిశాక ఒక ఉదయం తల్లికి అక్క అయిన పెద్దమ్మ వెంకటలక్ష్మమ్మను తోడు తీసుకుని దుకాణానికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

"ఓబులేసన్నా, మా అమ్మ ఫోటో ఒకటి కావాల. మా ఇంట్లో అందరివీ ఉన్నాయి, అమ్మది లేదు. నువ్వు ఎన్నిసార్లొచ్చినావు మా ఇంటికి, ఏ మూలన్నా పడింటాది చూడన్నా."

"ఎందుకుండదమ్మా. నా కెమెరాకు చిక్కని..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టి ఆగిపోయాడు.

"మా నాయన మొహం నాకు గుర్తులేదన్నా. గోడ మీది పటం చూసి నేర్చుకున్నా. అమ్మ మొహం కూడా కొన్నాళ్లకు అట్లనే పోతాదేమోనని భయమైతాంది," అంది అనంతలక్ష్మి.

రెండు రోజులు గడువు అడిగి ఓబులేసు ఆమెను పంపాడు. పలకలు పంపే చెక్కపెట్టెల్లో ఏడాది వారీగా ప్లేట్లు సర్ది ఉంటాయి. చెన్నకేశవరావు ఇంటివి మొత్తం ఇరవై పైచిలుకు. పుట్టెంట్రుకలు, ఓణీలు, పెళ్లి, దుకాణం పూజ. ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి వెతికాడు. ఆ ఇంటి ఆవు ఉంది. ఊరికే వచ్చిన పొరుగువాళ్లున్నారు. ఎవరో తెలియని మనిషి ఒకడు మూడు ప్లేట్లలో ఉన్నాడు. విశాలాక్షి ఎక్కడా లేదు. వెతికేకొద్దీ ఒక్కో ఫోటో ముందు తాను అన్న మాటలు గుర్తొచ్చాయి. అక్కా, నువ్వు కొంచెం ఇవతలికి రా. అక్కా, నీ నీడ పడుతాంది. ఆ ఇంటివాళ్లు ఆమెను ఒక గడప వెనక ఉంచితే, ఆ గడపను ప్లేటు మీద కూడా గీసింది తానే. ఎవరూ గీయమని అడగకముందే గీశాడు. పుల్లలచెరువులో నడిమధ్యన కూర్చున్న అలివేలమ్మ గుర్తొచ్చి ఆయనకు నిజంగా సిగ్గేసింది.

సిగ్గుపడ్డ మనిషి ముందు చేసే పని తప్పును కప్పిపెట్టడం. ఓబులేసూ అదే చేశాడు. పెద్దమ్మ వెంకటలక్ష్మమ్మ పెళ్లి గుంపులో స్పష్టంగా ఉంది. అక్కాచెల్లెళ్లిద్దరికీ పోలిక ఎక్కువ. ఆమె మొహం ఒక్కటే వేరుగా తీసి, ప్లేటు మీద పెన్సిలు రాసి బొట్టు మాయం చేసి, బుగ్గలు కొంచెం లోపలికి దిద్ది, తలమీద కొంగు గీశాడు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. అయినా దాన్ని చూస్తుంటే దొంగసొమ్ము చేతిలో ఉన్నట్టు అనిపించింది.

అప్పుడు చెడిపోయిన ప్లేట్ల పెట్టె గుర్తొచ్చింది. వాటిని సోడా వేసిన వేడినీళ్లలో కడిగి, ఆ గాజును పటాలు కట్టడానికి వాడేవాడు. ఎన్ని కడిగాడో ఎన్ని మిగిలాయో లెక్క లేదు. పెట్టె దించి ఒక్కొక్కటే తీసి చూశాడు. అడుగు నుంచి మూడోది ఆ ప్లేటు. పెళ్లికూతురి చూపు పక్కకు పోయిన ప్లేటు. దాన్ని అచ్చు వేసి, అంచులు కత్తిరించకుండా తీగకు ఆరేశాడు.

అన్న మాట ప్రకారం అనంతలక్ష్మి వచ్చింది, ఈసారి ఒక్కతే. ఓబులేసు ముందు దిద్దిన ఫోటో ఆమె చేతిలో పెట్టాడు. ధైర్యం చాలక అదే పెట్టాడు. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"ఈమె పెద్దమ్మ కదన్నా," అంది మెల్లగా. కోపం లేదు. అలసట ఉంది.

"అవునమ్మా. మీ అమ్మ ఫోటో నా దగ్గర లేదు. నేను తీయలేదు. తీయకుండా పక్కకు జరిపింది నేనే," అన్నాడు ఓబులేసు.

తీగ మీద ఆరిన ఫోటో తెచ్చి ఆమె ముందు పెట్టాడు. కుర్చీల్లో కొత్త దంపతులు. పెళ్లికొడుకు నేరుగా చూస్తున్నాడు. పెళ్లికూతురు మాత్రం తల పక్కకు తిప్పి ఉంది. దుప్పటి అంచు మీద, ఆమె భుజానికి జానెడు దూరంలో, వెనక నుంచి నాలుగు వేళ్లు ముందుకు వచ్చి గుడ్డను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. చూపుడువేలి గోరు నిలువునా చీలి ఉంది.

అనంతలక్ష్మి వేలితో ఆ గోరు తాకింది. "రోకలి పడింది. నాకప్పుడు ఏడేళ్లు," అంది. కళ్ల నీళ్లు కాగితం మీద పడకుండా తల వెనక్కి తీసుకుంది.

ఓబులేసు దాచుకోలేకపోయాడు. "ఆ పొద్దు నీ మొహం ఎట్లుందని అడిగిందమ్మా ఆమె. నవ్వుతాందా అని అడిగింది. ఆమెకు దుప్పటి తప్ప ఏమీ కనపడదు కదా. నేను జవాబు చెప్పలే. మాట్లాడొద్దన్నా."

"విన్నా అన్నా. అమ్మ గొంతు వినే తిరిగినా. వేళ్లు కనపడినాయి. వాటిని చూసి నవ్వినా."

ఓబులేసు అప్పుడే ఆ మొహాన్ని సరిగా చూశాడు. నాలుగేళ్లుగా చూపు తప్పిన మొహం అనుకున్నాడు. అది పళ్లు కనపడేలా నవ్వుతున్న మొహం. ఆ కాలంలో ఏ పెళ్లికూతురూ కెమెరా ముందు అలా నవ్వలేదు.

"నువ్వొక్క మాట చెప్పింటే, ఆమెకూ తెలిసేది," అంది అనంతలక్ష్మి.

ఓబులేసు ఏం చేయాలో తోచక, చేతికి అలవాటైన పనిలోకి దిగాడు. పటం కట్టే అట్ట తీసి, ఫోటో బల్ల మీద పరిచి, అంచులు సరిచేయడానికి కత్తెర అందుకున్నాడు. అనంతలక్ష్మి అరచెయ్యి వచ్చి ఫోటోలోని ఆ వేళ్ల మీద పడింది.

"కత్తిరించొద్దన్నా. అట్లనే కట్టు."

అట్లాగే కట్టి ఇచ్చాడు. పెద్దమ్మ మొహం దిద్దిన ఫోటోను ఆ సాయంత్రమే చింపేశాడు. తన కెమెరాకు చిక్కని మొహం లేదన్న మాట ఆ తర్వాత ఆయన నోట ఎవరూ వినలేదు.

ఆ ఏడు శ్రావణంలో దొనకొండలో ఒక వ్యాపారస్థుల ఇంట్లో పెళ్లి పడింది. పందిట్లో వెనక గోడే లేదు, మళ్లీ దుప్పటి కావలసి వచ్చింది. ఒక అంచు పట్టుకోవడానికి పెళ్లికూతురి నాయనమ్మ గంగమ్మ వచ్చింది, తెల్లచీర కొంగు తలమీద కప్పుకుని.

"నువ్వు ముందుకొచ్చి కూర్చో అవ్వా, దుప్పటి ఇంకెవరన్నా పడతారు," అన్నాడు ఓబులేసు అందరికీ వినపడేలా.

"వద్దులే నాయనా, మంచి పొద్దున నేనెందుకు," అని ఆమె వెనక్కి వెళ్లిపోయింది. ఆయన రెండుసార్లు పిలిచాడు. ఆమె రాలేదు. పందిట్లో ఎవరూ రమ్మనలేదు.

ఓబులేసు నల్లగుడ్డలోంచి బయటికొచ్చి కెమెరా మూత మీద చెయ్యి వేశాడు. దుప్పటి అంచు మీద ముడతలు పడిన నాలుగు వేళ్లు కనపడుతున్నాయి. ఆమె ఏమీ అడగలేదు.

"పిల్ల నవ్వుతాంది అవ్వా," అన్నాడు.