చర్లకు ఒక బెల్ హౌసింగ్

శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు నేను ఖమ్మంలో పాత లారీ సామాన్ల షాపు ముందు నిలబడి ఉన్నాను. చేతిలో గ్రీజు మరకల అట్ట ముక్క, సంచిలో అరిగిపోయిన క్లచ్ ప్లేటు. నేను ఊరి శివారు ఖానాపురం హవేలిలో జాకెట్లు కుట్టుకునే మనిషిని. ఇనుము కొనడానికి ఎందుకు బయల్దేరానో ముందు చెప్పాలి.

మా లారీ ఇంజను చర్ల దగ్గర పట్టేసి పన్నెండు రోజులైంది. మా ఆయన వీరన్న వేరే మోడల్ లారీ ఇంజను ఒకటి సంపాదించి అక్కడికి తెప్పించుకున్నాడు. తీరా దించాక చూస్తే అది మా పాత గేర్‌బాక్సుతో కలవలేదు. ఆ రెండింటి మధ్యా గంట ఆకారంలో ఒక ఇనుప డొల్ల ఉంటుంది. క్లచ్ అంతా దాని కడుపులోనే కూర్చుంటుంది. దాన్ని బెల్ హౌసింగ్ అంటారు. మా దానికి ఉన్న రంధ్రాలు కొత్త ఇంజను బోల్టులకు సరిపోలేదు. బండిని రోడ్డు పక్కన వదిలేసి వస్తే బ్యాటరీ, టైర్లు మిగలవని ఆయన అక్కడే కాపలా ఉండిపోయాడు. కాబట్టి వెళ్లాల్సింది నేనే.

శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల బండి చర్ల పక్కనే, బీడీలకు వాడే తునికాకు ఆరబెట్టే కల్లం దగ్గర ఉండాలి. లేకపోతే ఇంకో లారీ పెట్టుకుంటానని కాంట్రాక్టరు మనిషి చెప్పేశాడు. ఈ సీజను పోతే మేము బండిని నిలుపుకోలేము, ఆయన మళ్లీ బొగ్గు టిప్పర్ల మీద జీతానికి పోవాలి. పదకొండేళ్లు అలాగే తిరిగాడు. నెలకు నాలుగు రోజులు ఇంటి మొహం చూసేవాడు. ఆ రోజులు నాకు మళ్లీ వద్దు.

చర్లలో పనిచేసే మెకానిక్ యాకూబ్ భాయ్ ఫోటోలను నమ్మడు. ఇంజను వెనక ముఖానికి అట్ట ఆనించి, సుత్తితో మెల్లగా కొట్టి, బోల్టు రంధ్రాల అచ్చు తీసి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు. పాత క్లచ్ ప్లేటు, కొత్త ఇంజను కొలతకు ముడి వేసిన పురికొస కూడా పంపాడు. ఫోన్‌లో ఒకటికి రెండుసార్లు చెప్పాడు: "ప్లేటు నడుమ పండ్లు పాత గేర్‌బాక్సుకు కుదరాలె. బయటి సైజు కొత్త ఇంజనుకు కుదరాలె. గది యాదుంచుకో చెల్లె."

ప్లేటు సులువుగానే దొరికింది. పళ్లు లెక్కపెట్టాను, పాతదానికీ దీనికీ పదేసి ఉన్నాయి. పురికొస చుట్టి చూస్తే ముడి దగ్గరికే వచ్చింది. హౌసింగులు మాత్రం షాపులో రెండే ఉన్నాయి. గేర్‌బాక్సు వైపు రెండూ సరిపోతాయట, తేడా అంతా ఇంజనుకు ఆనే ముఖంలోనే. షాపాయన అట్టను గ్రీజు వైపు కిందికి పెట్టి మొదటిదాని మీద పరిచాడు. ఎనిమిదింట్లో మూడు రంధ్రాలు తప్పాయి. రెండోదాని మీద పరిచాడు. ఒక్కటే తప్పింది.

"ఏడు కలిసినయ్ అక్కా. ఒక్కటే గదా, ఆడ డ్రిల్లు కొట్టుకుంటే అయిపాయె" అన్నాడు.

నాకు ఎక్కడో తేడాగా అనిపించింది. కానీ చుట్టూ అంతా మగవాళ్లు, ఇనుముతోనే బతికేవాళ్లు. నాకేం తెలుసులే అని నోరు మూసుకుని కట్టించుకున్నాను. ఇప్పటికీ నా మీద నాకు కోపం ఆ క్షణం గురించే.

గోనెసంచిలో కట్టిన హౌసింగు పాతిక కిలోల పైమాటే. పదకొండుంపావు భద్రాచలం ఎక్స్‌ప్రెస్‌లోకి దాన్ని ఎక్కించడానికి ఆటో అతను, నేను, ఇంకొకాయన కలిసి పట్టాల్సి వచ్చింది. కండక్టర్ నా ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టాడు. తర్వాత సంచి వైపు చూశాడు.

"నీకు ఫ్రీ అక్కా. గీ ఇనుముకు మాత్రం టికెట్ తీసుకోవాలె."

వైరా దాటినా మనసు కుదుటపడలేదు. ఆ తప్పిన ఒక్క రంధ్రమే కళ్ల ముందు తిరుగుతోంది. పక్క సీటులో కొత్తగూడెం వెళ్లే సింగరేణి కార్మికుడు, యాభై దాటిన మనిషి, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను అట్ట తీసి మోకాలి మీద పరిచాను. కొత్త గుడ్డ చేతికొస్తే ముందు తిరగేసి మంచివైపు ఏదో చూసుకోవడం నాకు అలవాటు. అట్టనూ అలాగే తిరగేశాను. గ్రీజు ఒకవైపే ఉంది.

గ్రీజు అంటిన వైపు ఇంజనును తాకిన వైపు. అది ఎప్పటికీ ఇంజను వైపే ఉండాలి, శుభ్రంగా ఉన్న వైపు హౌసింగును తాకాలి. షాపాయన తిప్పి పరిచాడు. అలా పరిస్తే కుడి ఎడమవుతుంది. గుడ్డ తిప్పి కత్తిరిస్తే రెండు చేతులూ ఒకే పక్కవి వస్తాయి, ఆ జాకెట్ ఎవరికీ పట్టదు. నేను పని నేర్చుకునేటప్పుడు చేసిన మొదటి తప్పే అది.

వీరన్నకు ఫోన్ చేశాను. కలవలేదు. యాకూబ్ భాయ్‌కి చేశాను, అదీ కలవలేదు. పక్కాయన నా అవస్థ చూసి ఏందమ్మా అని అడిగాడు. చెప్పాను.

"అనుమానమొస్తే ఆగి సూడాలె. బొగ్గు బాయిల మేం గంతే. అనుమానంతోటి ముంగటికి పోతే మీద పడ్తది" అన్నాడు.

తల్లాడలో దిగిపోయాను. సంచిని ఆయనే దించి బస్టాండు అరుగు మీద పెట్టాడు. పన్నెండూ ఇరవై. ముడి విప్పి, శుభ్రంగా ఉన్న వైపు కిందికి పెట్టి అట్ట పరిచాను. ఎనిమిదింట్లో నాలుగు రంధ్రాలు తప్పాయి. ఆ హౌసింగు మాకు పనికిరాదు. ఇటు చూస్తే ఖమ్మం, అటు చూస్తే చర్ల, సాయంత్రానికి రెండింట్లో దేన్ని చేరతానో తెలియదు. మొదటిది కూడా సరిపోకపోతే ఏం చేయాలో అస్సలు తెలియదు. ఖమ్మం బస్సు వస్తే ఎక్కేశాను.

షాపు చేరేసరికి రెండు కావస్తోంది. మొదటి హౌసింగు ఇంకా అక్కడే ఉంది. షాపాయన అన్నం తింటున్నాడు. ఆయన లేచేదాకా ఆగకుండా నేనే వంగి అట్ట పరిచాను. ఎనిమిదికి ఎనిమిదీ కలిశాయి.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి చాలాసేపు చూశాడు. "మా తాన అందరు పాత హౌసింగు అచ్చు తెస్తరు అక్కా. దానికి గ్రీజు కిందికే పెట్టాలె. నువ్వు ఇంజను అచ్చు తెచ్చినవ్. నేను అడగలే" అన్నాడు. మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు. మీలో ఎవరైనా ఈ పని మీద వెళ్తే, అచ్చు దేని మీద తీశారో అట్ట మీద రాయించుకుని వెళ్లండి.

రెండున్నర బస్సు. మళ్లీ ఆధార్ కార్డు, మళ్లీ ఇనుముకు టికెట్. కొత్తగూడెం దగ్గర ఫోన్ చార్జింగ్ అయిపోయింది. పాల్వంచ దాటాక అరటిపళ్లు రెండు తిన్నాను, ఆ రోజుకు అదే భోజనం. గోదావరి వంతెన దాటి భద్రాచలంలో దిగేసరికి ఆరు. చర్ల బస్సు ఆరూ ఇరవైకి ఉంది.

దుమ్ముగూడెం దాటాక పోలీసులు బస్సు ఆపారు. సంచి బరువు చూసి కుర్ర కానిస్టేబుల్ ముఖం మారింది, బాంబనుకున్నాడేమో. అందరినీ దింపారు. నేనే విప్పి చూపించాను. విప్పుతున్నంతసేపూ, దీన్ని ఇక్కడే ఉంచేయమంటే ఎలా అన్న భయమే. వాళ్ల హెడ్ కానిస్టేబుల్ టార్చి వేసి చూసి నవ్వాడు.

"క్లచ్ బాడీ గదనే ఇది. ఎవరి బండి?"

"మాదే సార్. రేపు పొద్దుగాల ఎక్కకపోతే మాది కాకుండ పోతది."

"పోనియ్యండి" అన్నాడు.

చర్ల స్టేజీ దగ్గర వీరన్న కూర్చుని ఉన్నాడు. బండి కాపలా యాకూబ్ భాయ్‌కి అప్పజెప్పి, మూడింటి నుంచి ప్రతి బస్సూ చూస్తున్నాడట. నన్ను చూసి లేచి, సంచి భుజానికెత్తుకుని నడిచాడు. నేను యాకూబ్ భాయ్ వాళ్లింట్లో పడుకున్నాను.

శనివారం ఐదున్నరకే పని మొదలైంది. యాకూబ్ భాయ్ ఎనిమిది బోల్టులనూ పానా లేకుండా చేత్తోనే తిప్పాడు. అన్నీ సాఫీగా దిగాయి. తర్వాత గేర్‌బాక్సు ఎక్కించడానికి ముగ్గురు మగవాళ్లు రెండు గంటలు కుస్తీ పట్టారు. పదకొండూ పదికి బండి స్టార్టయింది. వీరన్న క్లచ్ తొక్కి గేరు వేశాడు. బండి కదిలింది. పదకొండూ నలభైకి కల్లం దగ్గర ఉన్నాం.

లోడు ఎత్తి బయల్దేరేసరికి సాయంత్రం నాలుగు. క్యాబిన్‌లో కాలుతున్న వాసన వచ్చింది. కొత్త ప్లేటు మొదట్లో అట్లనే వాసనొస్తదని ఆయన అన్నాడు. నేను నమ్మలేదు. వంతెన మీద బండ్లు బారులు తీరి ఉంటే, ఆయన క్లచ్ వదిలిన ప్రతిసారీ నేను ఊపిరి బిగబట్టాను.

ఆదివారం ఉదయం పాల్వంచ దగ్గర గోదాములో బస్తాలు దించుతున్నారు. వీరన్న టార్పాలిన్ మడుస్తున్నాడు. క్యాబిన్‌లో ఆయన ఫోన్ మోగితే నేను ఎత్తాను.

"అన్నా, కట్టర్ తీస్కొని బయల్దేరినం. బండి చర్ల కాడనే ఉందా?" అంది అవతలి గొంతు.

గ్యాస్ కట్టర్. లారీని ముక్కలుగా కోసి ఇనుము కింద తూచే వాళ్లు. వీరన్న వచ్చి ఫోన్ అందుకున్నాడు. "రావొద్దు. బండి నడుస్తుంది" అని పెట్టేశాడు.

"ఎప్పుడు మాట్లాడినవ్?" అని అడిగాను.

"మొన్న సాయంత్రం. నీ ఫోన్ కలవలే. ఇగ దొరకలేదనుకున్న." ఫోన్ జేబులో పెట్టుకుంటూ అన్నాడు, "నిన్నటి సంది వద్దని చెప్దామంటే నువ్వు పక్కనే ఉంటివి."

నేను పాతిక కిలోలు మోస్తూ బస్సులు మారుతుంటే ఈయన మా బండిని కోయించడానికి మాట ఇచ్చాడు. ఒళ్లు మండిపోయింది. ఖాళీ బండిలో ఖమ్మం బయల్దేరాం. కొత్తగూడెం వచ్చింది, పోయింది. వెళ్లేటప్పుడు ఈ దారంతా నాకు భయం తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఇప్పుడు అవే చేలు, అవే ఊళ్లు, ఎండలో మామూలుగా ఉన్నాయి. బండి కూడా ఏ చప్పుడూ లేకుండా పోతోంది.

"నమ్మకం పోతే ఫస్టు నాకు చెప్పాలె. కట్టరోనికి కాదు" అన్నాను జూలూరుపాడు దగ్గర.

"అవ్" అన్నాడు వీరన్న, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు.