సోడా కోసం లేచిన చేయి

మొన్న పొద్దున తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్ ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చుని, డాక్టరు వద్దన్న పంచదార టీ తాగుతుండగా, పక్కనున్న పెద్దమనిషి తన ఫోను నా ముక్కు దగ్గర పెట్టి, చూశారాండీ ఈ మేయరు నిర్వాకం అన్నాడు. ఆ మేయరు మా పెదనాన్నగారి అబ్బాయి, నాకంటే రెండేళ్లు పెద్ద, ఊహ తెలిసిన దగ్గర్నుంచీ నా కంట్లో నలుసు. ఏ ఊరి మేయరో రాయను. కొల్లేటి గాలి తగిలే ఊళ్లలో ఒకటనీ, ఆ ఊరి మునిసిపల్ ఆఫీసులోనే నేను మినిట్స్ రాసే గుమస్తాగా పనిచేసి రిటైరై ఇక్కడికి చేరాననీ మాత్రం చెబుతాను.

ఎవరో వకీలు సమాచార హక్కు కింద పాత కాగితాలన్నీ తీయించి, అన్నయ్య కౌన్సిలరుగా ఉన్న రోజుల నుంచి నిన్నమొన్నటి దాకా ఏ తీర్మానానికి చెయ్యెత్తాడో, దేనికి ఎత్తలేదో వరసగా రాసి ఊరి మీదకు వదిలాడట. దానికి తోడు మీటింగులో మైకు విసిరికొట్టిన వీడియో ఒకటి, కుళాయిలో నీళ్లు రావడం లేదన్న ఇల్లాలిని కసురుకున్న వీడియో ఇంకొకటి. టీ కొట్టు దగ్గరున్నవాళ్లు తలా ఒక తిట్టు తిట్టారు. కాని ఆ తిట్లలో కూడా ఎంత చనువు, ఎంత రుచి, సొంత మేనమామను తిట్టుకున్నట్టు ఎంత ముచ్చటగా తిట్టుకుంటున్నారో చూస్తుంటే నా కడుపు రగిలిపోయింది. అన్నేళ్లు ఒకరి సొమ్ము ముట్టకుండా, ఒకరిని పల్లెత్తు మాట అనకుండా ఉద్యోగం చేశాను, నన్ను తలుచుకుని తిట్టేవాడు కూడా లేడు కదా అనిపించింది. అయితే ఆ వరసలో చేపల బజారు తీర్మానానికి ఎదురుగా ‘అనుకూలం’ అన్న మాట కనబడగానే గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఆ మాట అన్నయ్యది కాదు, నాది.

కలిదిండి దగ్గర మా ఉమ్మడి ఇంట్లో కొరమీను పులుసు ఉడికిందంటే తల ముక్క ఎప్పుడూ అన్నయ్య కంచంలోకే వెళ్లేది. తల తిన్నవాడు పదిమందికి పెద్దవాడవుతాడని మా నాయనమ్మ సిద్ధాంతం. నా వంతు తోక ముక్క. ఆ రోజుల్లో కొరమీను అంటే కొల్లేట్లో పట్టినదే, పులుసు మట్టిదాకలో మరునాటి దాకా నిలవుంచి, మామిడికాయ ముక్క బాగా ఊరాక తింటే ఆ రుచే వేరు, మన తరంవాళ్లకు నేను చెప్పాలా. ఆ రుచి తలుచుకున్నప్పుడల్లా నాకు మాత్రం పక్క కంచమే గుర్తొస్తుంది. బడిలో మార్కులు నాకు వచ్చేవి, చప్పట్లు అన్నయ్యకు వచ్చేవి.

తర్వాత మా ఇద్దరి రాతా ఒకే హాల్లోకి చేరింది. ఏలూరు నుంచి తెప్పించిన తివాచీ మీద, మెత్తటి కుర్చీలో అన్నయ్య కౌన్సిలరు, మూలన చెక్క బల్ల దగ్గర నేను గుమస్తా. కొల్లేటికోట వైపు నుంచి మొదటి బస్సులో గంపలతో దిగి, మెయిన్ రోడ్డు పక్కన చేపలమ్ముకునే ఆడవాళ్లందరికీ అన్నయ్య అంటే ప్రాణం. వాళ్ల అర్జీలు రాసిపెట్టింది నేను, దణ్ణాలు అన్నయ్యకు. వాళ్లను ఊరి చివర కాలువ అవతలికి పంపాలన్న తీర్మానం ఓటుకు వచ్చిన రోజు, వాళ్లలో కాస్త పెద్దావిడ ఆఫీసు గేటు దగ్గర కాచుకునుండి, తామరాకులో చుట్టిన కొరమీను అన్నయ్య చేతిలో పెట్టి, మాకు మీరే దిక్కు బాబుగారూ అంది. ఆవిడకు మూడు అర్జీలు రాసిచ్చినవాణ్ణి పక్కనే నిలబడి ఉంటే, కాస్త తప్పుకోండి అటెండరుగారూ అని కూడా అంది. మర్యాదగానే అంది, అదే నన్ను ఎక్కువ కోసింది.

ఆ కోతతోనే మీటింగులోకి వెళ్లాను. అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి అన్నారు ఛైర్మన్‌గారు, మా ఊరికి అప్పటికింకా మేయరు పదవి రాలేదు. ఎవరెవరు ఎత్తారో పేర్లు రాయాల్సిందేనని ఎవరో పట్టుబట్టడంతో, నేను లేచి నిలబడి ఒక్కొక్క చేయీ చూసి పేరు రాసుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే అటెండరు గోళీ సోడాల ట్రే పట్టుకుని తలుపు దగ్గరకు వచ్చాడు, వెనక వరసలో పక్కాయనతో కబుర్లలో మునిగివున్న అన్నయ్య, నాకొకటి ఇటు పట్రా అన్నట్టు చెయ్యెత్తాడు. అది సోడా కోసం లేచిన చెయ్యేనని నాకు తెలుసు. తెలిసే రాశాను. ఆ ఒక్క పేరుతో సగం దాటి తీర్మానం నెగ్గింది, వ్యతిరేకించేవారి చేతులు ఎవరూ అడగలేదు, నేను అంకె మాత్రం పైకి చదివాను, పేర్లు చదవలేదు.

ఆ తప్పు బయటపడే దారి ఒకటి ఉంది. వచ్చే మీటింగులో పాత మినిట్స్ మొత్తం చదివి వినిపించాలి. కాని మా దగ్గర అలా చదవడం ఎవరూ ఎరగరు, ‘చదివినట్టుగా భావించడమైనది’ అని ఒక వాక్యం రాసుకోవడం, సభ్యులందరూ బల్లలు చరచడం, టిఫిను ప్లేట్లు రావడం, ఇదీ ఆచారం. అందరికంటే గట్టిగా చరిచింది అన్నయ్యే. నెల తిరక్కుండా ఆ ఆడవాళ్లు కాలువ అవతలికి పోయారు, అంత దూరం కొనడానికి వచ్చేవాళ్లు లేక కొందరు గంపలు మూలన పడేసి చెరువు పనుల్లోకి దిగారు. తను ఆపేద్దామని ఎంత గొడవపడినా ఒక్క ఓటుతో పోయిందని అన్నయ్య ప్రతి సభలోనూ చెబుతూ వచ్చాడు, ఆ ఒక్క ఓటు తన పేరున పడిందేనని ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

టీ కొట్టు నుంచి తిన్నగా బస్సెక్కాను. వెళ్లేసరికి అన్నయ్య ఇంటి ముందు ఆ ఆడవాళ్లే ఖాళీ గంపలు బోర్లించి కూర్చుని ఉన్నారు, తామరాకు కట్టిచ్చినావిడ ముగ్గుబుట్టలాంటి తలతో ముందు వరసలోనే ఉంది, ఈసారి కూడా నన్ను ఆనవాలు పట్టలేదు. లోపల అన్నయ్య పడక్కుర్చీలో కూర్చుని ఎవరినో ఫోన్లో తిడుతున్నాడు. ఫోను పెట్టేశాక సోడా సంగతి, గేటు దగ్గర మాట, ఎందుకు రాశానో ఆ ఏడుపు, అంతా చెప్పేశాను. బయటికెళ్లి ఆ ఆడవాళ్లతో కూడా నేనే చెబుతానన్నాను. నిజం చెప్పాలంటే, ఒక్కసారైనా ఊరి తిట్లు నా పేరుతో పడాలన్న ఆశ కూడా అందులో ఉంది.

అన్నయ్య పడక్కుర్చీలోంచి లేచాడు. కొడతాడేమో అనుకున్నాను.

“చదవకుండా బల్ల చరిచింది నేనే కదరా. అప్పుడు ఆ కాగితం ఒక్కసారి చూసుంటే వాళ్లు కాలువ దాటేవాళ్లా? నువ్వు ఇక్కడే కూర్చో, బయటికి రాకు.”

వద్దన్నవాణ్ణి కాదనలేక కాదు, భయపడి ఆగిపోయాను. కిటికీ చువ్వల్లోంచి చూశాను. మైకు విసిరిన చెయ్యే అది, దాన్ని ఆ ఎండలో పైకెత్తి, ఈ చెయ్యే లేచిందమ్మా, తప్పు నాదే, కొట్టాలంటే దీన్ని కొట్టండి అన్నాడు. చాలాసేపు తిట్టారు. మెయిన్ రోడ్డు పక్కనే మళ్లీ చోటిప్పించకపోతే ఈ కుర్చీ దిగిపోతానన్నాక మెల్లగా గంపలు ఎత్తుకున్నారు. ముందున్న పెద్దావిడ మాత్రం లేచి దగ్గరకొచ్చి, ఇన్నాళ్లకైనా ఒప్పుకున్నారు, అది చాలండి బాబుగారూ అని ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు నాది, ఆ క్షమాపణ నాది, నేను మాత్రం కిటికీ వెనక ఉన్నాను.

ఇప్పుడు మీటింగులన్నీ కెమెరాల్లోకి ఎక్కుతున్నాయి. ఏ చెయ్యి దేనికి లేచిందో ఊరంతా ఫోన్లో చూస్తోంది, నాలాంటివాడి కలానికి అంత అధికారం ఎవరూ ఇవ్వరు, ఇవ్వకపోవడమే మంచిది. అయినా ఆ చెక్క బల్ల, ఆ సిరాబుడ్డి, గోళీ టప్పుమన్న చప్పుడు తలుచుకుంటే మనసు అటే పోతుంది. బతుకు మొత్తంలో నా చేతి మీదుగా జరిగిన పని అదొక్కటే, అది కూడా మొన్నటితో అన్నయ్య పేరున జమైపోయింది.

ఆ రోజు మధ్యాహ్నానికి ఆ పెద్దావిడ కొరమీను పంపింది, కొల్లేటిది కాదు, చెరువులో పెంచినది. వదిన పులుసు పెట్టి ఇద్దరికీ వడ్డించింది. అలవాటు ప్రకారం తల ముక్క అన్నయ్య కంచంలోకి వెళ్లింది, డెబ్బై ఏళ్లలో మొదటిసారి అది న్యాయంగా నాది, ఇటు వెయ్యమని నోరు తెరిచి అడగలేకపోయాను.