మామగారి మూత

ఆకాశానికి మూత ఉందని మామగారి నమ్మకం. నమ్మకం అనడం తక్కువ; పట్టుదల. ఉద్యోగమంతా ఆయన వాతావరణ కేంద్రంలో బెలూన్లు ఎగరేసి, ఎంత ఎత్తులో ఎంత చలి ఉందో కొలిచారు. రిటైరయ్యాక బెలూన్లు అక్కడే ఉండిపోయాయి, మూత మాత్రం ఆయన వెంట ఇంటికొచ్చింది.

ఎండాకాలంలో ఆయనంత సాధువు ఉండడు. ఎండకు కొండవాలు వేడెక్కి గాలి పైకి పోతుంది, దాని చెయ్యి పట్టుకుని పొగా పోతుంది, మామగారు పేపరు చదువుకుంటారు. వానాకాలంలో గాలి కడిగిన గాజుగ్లాసులా ఉంటుంది, ఆయన నిద్రపోతారు. చలికాలం వచ్చిందా, కోడలికి నిద్ర ఉండదు.

కోడలికి ఇంటి కింది భాగంలో బేకరీ ఉంది. కట్టెలతో మండే పాతకాలం ఇటుకల పొయ్యి. తెల్లవారేసరికి మామగారు డాబా ఎక్కి, ఊరి చివర ఇటుక బట్టీ పొగ వంక చూస్తారు. పొగ నిటారుగా పోతూనే ఉంటే కిక్కురుమనరు. కాస్త లేచి, నడుం పట్టేసినట్టు అడ్డంగా పడుకుందా, మెట్లు దడదడలాడతాయి.

"అమ్మాయ్! మూత పడింది! ఆ అగ్గిపెట్టె కింద పెట్టు!"

"పిండి పొంగిపోతోంది మామయ్యగారూ!"

"పొంగనీ. రాత్రంతా చల్లగాలి కొండల మీంచి జారి ఈ గుంటలో చేరింది. దాని నెత్తిన వెచ్చగాలి కూర్చుంది. చుట్టూ కొండలు, పైన మూత. నీ పొగ ఎటు పోతుందనుకున్నావ్?"

"ఇంతకీ ఎప్పుడు తెరుచుకుంటుందట?"

"ఎండ తూర్పు కొండ దాటొచ్చి నేలకు తగలాలి. అది నేను పిలిస్తే వస్తుందా?"

ఎండ వచ్చేసరికి, రొట్టెలు తీసుకునే హాస్టల్లో పిల్లల పలహారాలు అయిపోయి, గిన్నెలు కూడా కడిగేసేవారు.

ఎదురింటి దర్జీకి ఇదంతా రోజూ వినోదం. కింద దుకాణం, పైన కాపురం. ఎప్పుడో తాను కుట్టిన మామగారి ప్యాంటు పొట్టిదైన నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అంటే నేరుగా లేవు. కోడలిని మధ్యలో పెట్టుకుని రోజంతా మాట్లాడుకునేవారు.

"ఏమ్మా, మూత విప్పడానికి మీ మామగారు స్క్రూడ్రైవరు పట్టుకుని కొండెక్కుతున్నారా?"

"ఆ పొట్టి ప్యాంటు మనిషికి చెప్పమ్మా, ప్యాంటుకే సరిపోని టేపు మూతకేం సరిపోతుందని!"

ఒకరోజు హాస్టల్ మేనేజరు ఫోన్ చేశాడు. "ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే బేకరీ చూసుకుంటామండీ." బేకరీలో సగం బేరం ఆ హాస్టలే. అది పోతే పొయ్యి చలికాలమే కాదు, అన్ని కాలాలూ చల్లగానే ఉంటుంది.

మర్నాడు మామగారు డాబా ఎక్కకముందే కోడలు పొయ్యి వెలిగించేసింది. విచిత్రం, పొయ్యి బాగా కాగేదాకా కూడా మెట్లు దడదడలాడలేదు. 'గెలిచాను' అనుకుంటూ వీధిలోకొచ్చి పైకి చూసింది.

పొగ ఇంటి ఎత్తు దాకా లేచి, ఎవరో నెత్తిన మొట్టినట్టు వంగి, తిన్నగా దర్జీ మేడమీదికి పోతోంది. అక్కడ, వీధి మెట్లెక్కి పోయి, బాల్కనీలో మామగారు! రెండు చేతులా దుప్పటి పట్టుకుని పొగను వెనక్కి విసురుతున్నారు. మూసిన కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి ఉన్నాయి.

"నా బాల్కనీలో ఏం పనయ్యా?" లోపల్నుంచి దర్జీ గొంతు.

"దుప్పటి దులుపుకుంటున్నాను."

"నీకు డాబా... లేదా?"

"మా డాబా మీద గాలాడదు."

తిరిగి ఏదో అనబోయిన దర్జీ మాట సగంలో తెగిపోయింది. తర్వాత దగ్గు, దగ్గు వెనక ఈలలాంటి ఊపిరి.

కోడలు లోపలికి పరుగెత్తింది. మండే కట్టెలన్నీ ఇనుప డబ్బాలోకి లాగి మూత బిగించింది. పొయ్యి ఇటుకల్లో మిగిలిన వేడితోనే ఆ పూట రొట్టెలు కాలాయి.

"ఆయనకు ఉబ్బసమని ఒక్క మాట చెప్పొచ్చుగా, మామయ్యగారూ?" దిగివచ్చిన మామగారిని నిలదీసింది.

"చెబితే నువ్వు వాణ్ణి జాలిగా చూస్తావు. నీ వ్యాపారానికి అడ్డమయ్యానని వాడు దుకాణం ఎత్తేస్తాడు. పోయిన చలికాలమే వేరే ఇల్లు వెతుక్కోబోయాడు." మామగారు దుప్పటి భుజాన వేసుకున్నారు. "వాడు పోతే నేనెవరితో పోట్లాడను?"

కోడలు అక్కడికక్కడే హాస్టలుకు ఫోన్ చేసింది. "చలికాలమంతా మీ రొట్టెలు ముందురోజు మధ్యాహ్నం కాల్చి, సాయంత్రానికే పంపేస్తానండీ."

"నిన్నటి రొట్టెలా?" అన్నాడు మేనేజరు.

"చల్లారిన రొట్టే చక్కగా తెగుతుంది. వేడిది కోస్తే చేతికి ముద్దే వస్తుంది. మీ వంటాయన్నే అడగండి."

అవతల గుసగుసలు వినిపించాయి. "ఆయనా ఎన్నాళ్లుగానో అదే మొత్తుకుంటున్నాడట. పంపండి."

సాయంత్రం దర్జీ బేకరీ గుమ్మంలోకొచ్చి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మీ మామగారి దుప్పటి అంచు నా బాల్కనీ మేకుకు తగిలి చిరిగిందమ్మా. పంపించు, కుట్టిపెడతాను."

"కూలి ఎంతండీ?"

"కూలేమిటి తల్లీ! కానీ ఊరికే అంటే ఆయన పంపడు. రెట్టింపు అడిగానని చెప్పు."

కోడలు వెళ్లి అలాగే చెప్పింది.

"రెట్టింపా! వాడి మొహానికి రెట్టింపా!" మామగారు ఉత్సాహంగా లేచి, దుప్పటి చంకన పెట్టుకుని, ఎవరినీ మధ్యలో పెట్టుకోకుండా తానే వీధి దాటారు.