లచ్చివారం కేకు

మా అమ్మ చేసే క్రిస్మస్ కేకుని ఎవరైనా రొట్టె అంటే నాకు ఒళ్ళు మండిపోయేది. అది కేకు. రాజాంలో మా వీధి మొత్తానికి కేకు చేసే ఇల్లు మాదొక్కటే మరి. అప్పటికి నాకు పదకొండేళ్ళు, కోపం మాత్రం ముప్పై ఏళ్ళ దానికి సరిపడా ఉండేది.

అరవైల ఆఖర్లో మాట. ఓవెన్ అంటే ఏటో మాకు తెలీదు. పెద్ద డేగిసాలో జల్లించిన నాగావళి ఇసుక పోసి, పొయ్యి మీద కాకబెట్టి, పిండి పోసిన డాల్డా డబ్బాని అందులో దించి, మూత మీద కణకణలాడే నిప్పులు పేర్చేది అమ్మ. గుడ్లు గిలక్కొట్టడం నా పని. కజ్జికాయలు, గులాబీ పువ్వులు వారం ముందే డబ్బాల్లోకి ఎక్కేసేవి. వాటిని కాపలా కాయడం కూడా నా పనే, అందుకే అవి పండక్కి సగమే మిగిలేవి.

ఆ ఏడు మాత్రం ఇంట్లో అందరికీ ఒకటే కంగారు. అమ్మమ్మ వస్తోంది. నరసన్నపేట దగ్గర పల్లెలో వరి పండించుకునే ఇల్లు వాళ్ళది. అమ్మ చర్చిలో నాన్నని పెళ్ళి చేసుకున్నాక పన్నెండేళ్ళు ఆవిడ మా గడప తొక్కలేదు, నన్ను చూడనైనా లేదు. నాన్న వెళ్ళి ఎంతో బతిమాలితే ఒప్పుకుంది. వస్తాను గాని మీ ఇంట్లో ఉడికిన కూడు ముట్టనంది. తన బియ్యం, తన గిన్నె తనే తెచ్చుకుంటుందట.

అమ్మ దానికే పొంగిపోయింది. అన్నం, కూర అయితే అంటు గాని, పొడిగా కాల్చిన వాటికి అంటు లేదని అమ్మమ్మ వాళ్ళ లెక్క. అందుకే అమ్మ ఆశంతా కేకు మీద పెట్టుకుంది. తన చేత్తో పెట్టిన ముక్క ఒక్కటి వాళ్ళమ్మ తింటే చాలని నాతో ఎన్నిసార్లు అందో.

పండగ ముందురోజు మధ్యాహ్నం అమ్మమ్మ బస్సు దిగింది. నన్ను ఎగాదిగా చూసి, ముక్కు తనదేనని తేల్చేసి, బుగ్గ గట్టిగా గిల్లింది. నాకు నొప్పి, కోపం, సంతోషం మూడూ ఒకేసారి వచ్చాయి. అప్పుడే దించిన కేకు చుట్టూ ఓసారి తిరిగి, ఈ రొట్టిలో ఏటేటి ఏసినారని అడిగింది. రొట్టి కాదు కేకు అని సరిదిద్ది, వరసగా అప్పజెప్పేశాను. మైదా, పంచదార, వెన్న, ఆరు గుడ్లు.

అమ్మమ్మ మొహం మారిపోయింది.

"రేపు లచ్చివారం కదే. మార్గసిరం లచ్చివారం. మర్సిపోనావేటి?" అంది అమ్మతో.

మావైపు గురువారాన్ని లచ్చివారం అంటారు. మార్గశిరంలో ఆ రోజు లక్ష్మికి పూజ. మామూలు రోజుల్లో కోడిని కోసి వండే అమ్మమ్మే ఆ ఒక్కరోజు గుడ్డు పేరెత్తనివ్వదు. మేం చూసుకునేది తారీఖు గాని వారం కాదు. చిన్నప్పట్నుంచీ తల్లి పక్కన కూర్చుని చేసిన పూజని అమ్మ అలా మర్చిపోయింది. పీట మీద కూలబడి ఏడ్చేసింది. నాకు తిక్క రేగింది. పన్నెండేళ్ళకి వచ్చి మా అమ్మని ఏడిపిస్తావా అని అమ్మమ్మని మొహం మీదే అడిగేశాను. నాన్న గదిమాడు.

అమ్మమ్మ అమ్మ వైపు తిరిగి, గుడ్డు నేకుండా సెయ్యరాదా అంది. గుడ్డు లేకపోతే పొంగదంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"పొంగడానికి గుడ్డేటి? మన దిబ్బరొట్టి ఏ గుడ్డెట్టి పొంగుతాది? మినపప్పు నానెట్టు."

ఇక చూడాలి ఆవిడ హడావుడి. తన సంచిలో బియ్యమే తిరగట్లో రవ్వ విసిరింది. సాయంత్రానికి పప్పు రుబ్బి కలిపేసింది. తను ముట్టుకుంటే ఎక్కడ అంటవుతుందోనని అమ్మ బారెడు దూరంలో నిలబడి చూస్తోంది. అమ్మమ్మే చేసి, అమ్మమ్మే తింటే ఇంక అమ్మ చేతి ముక్క ఎక్కడిది? అది తలుచుకుని నేను మూతి ముడుచుకుని తిరిగాను.

పొద్దున్న చర్చి నుంచి వచ్చేసరికి పిండి పులిసి పొంగి ఉంది. అమ్మమ్మ బెల్లం తరిగి కలిపింది. నేను జీడిపప్పు, కిస్మిస్ గుప్పెళ్ళతో పోశాను. ఇసకెందుకని ఆవిడ, ఇసుక లేకపోతే అడుగు మాడుతుందని అమ్మ. పన్నెండేళ్ళ తర్వాత తల్లీకూతుళ్ళు హాయిగా దెబ్బలాడుకున్నారు. నిప్పులు తీసి మూతెత్తితే డబ్బా అంచుదాకా పొంగి, పైన ఎర్రగా కాలి ఉంది. నేను గంతులేశాను.

అమ్మ పళ్ళెం, చాకు తెచ్చి దూరంగా పెట్టి, తల్లి వైపు జరిపింది. అమ్మమ్మ వాటిని తిరిగి అమ్మ వైపే తోసింది.

"నీ సేత్తో ఎట్టు."

చెయ్యి కడుక్కొస్తానని లేవబోయింది అమ్మ. అమ్మమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టేసింది. అమ్మ ముక్క కోసి వాళ్ళమ్మ నోట్లో పెట్టింది. అమ్మమ్మ నెమ్మదిగా నమిలి, మింగి, ఇంకో ముక్కకి నోరు తెరిచింది.