టక్విలాలో ఇఫ్రా నలభయ్యో రోజు

అమెరికాలో మేముండే రెడ్‌మండ్ నుంచి సియాటిల్ అవతలి టక్విలా ఎందుకు వెళ్లానో రాయాలంటే కొంచెం సిగ్గుగానే ఉంది. మా పాపకు ఎనిమిది నెలలు. నాకు సిజేరియన్ అయింది కాబట్టి రెండో కాన్పుకు ఎడం ఉండాలని డాక్టర్ చెప్పారు. ఆయన మగ డాక్టర్. నాకు ఇంగ్లీషు సరిగా రాదని మా ఆయన పక్కన కూర్చుని ప్రతిదీ తెలుగులో చెప్పారు. నేను అన్నిటికీ తలూపాను. చేతి చర్మం కింద పెట్టే చిన్న పుల్ల ఒకటుందట, అది ఉన్నన్నాళ్లూ గర్భం రాదట. అది పెట్టించుకుంటే ఇక ఎప్పటికీ పిల్లలు పుట్టరని ఊరి నుంచి మా వదిన ఫోన్‌లో భయపెట్టింది. నిజమా అని డాక్టర్‌ను అడగాలని ఉన్నా మా ఆయన ముందు నోరు పెగల్లేదు. బుధవారం మళ్లీ రమ్మన్నారు. ఆ రోజు ఏదో ఒకటి తేల్చి చెప్పాలి.

ఆ వారంలోనే, లైబ్రరీ ఇంగ్లీషు క్లాసులో నా పక్కన కూర్చునే హోదన్ తన చెల్లెలు ఇఫ్రా ఇంటికి రమ్మని పిలిచింది. వాళ్లు సోమాలియా వాళ్లు. ఇఫ్రాకు కొడుకు పుట్టి శనివారానికి నలభై రోజులు. వాళ్లలో బాలింత నలభై రోజులు గడప దాటదు. ఆఖరి రోజున ఆడవాళ్లంతా చేరి విందు చేసుకుంటారు. నేను చదివింది ఏడో తరగతి వరకే. అమెరికా వచ్చాక ఒంటరిగా బస్సెక్కింది లేదు. అయినా వస్తానన్నాను.

మా ఆయన ఇక్కడ ఒక రెస్టారెంట్‌లో వంట చేస్తారు. శనివారం ఆయనకు ఊపిరి సలపదు. పొద్దున తొమ్మిదింటికి నన్నూ పాపనూ బస్టాపులో దింపి, "బస్సు కార్డు ట్యాప్ చెయ్యి. సియాటిల్‌లో దిగి రైలెక్కు. కంగారుపడకు, కాల్ చెయ్యి," అన్నారు. బస్సుకు మూడు డాలర్లు. రెండు గంటల్లోపు రైలెక్కితే అదే కార్డు మీద మళ్లీ డబ్బు కట్ కాదు. డ్రైవర్ జుట్టు నెరిసిన ఆవిడ. స్ట్రోలర్ ఎక్కించడానికి సాయం చేసి, "ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చో. వంతెన మీద నిద్రపోకు," అంది. ఎందుకో కాసేపటికి తెలిసింది. ఆ వంతెన కింద స్తంభాలు లేవు, మొత్తం సరస్సు మీద తేలుతూ ఉంది. దూరంగా మంచుకొండ, మనకు ఇరువైపులా నీళ్లు, మధ్యలో బస్సు. పాప చెయ్యి పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాను.

సియాటిల్‌కు ముప్పావుగంట, అక్కడ లిఫ్టులో కిందికి దిగి రైలెక్కితే టక్విలాకు ఇంకో అరగంట పైచిలుకు. స్టేషన్‌లో హోదన్ ఎదురొచ్చింది. అక్కడి నుంచి పది నిమిషాల నడక. మెట్లమీదే సాంబ్రాణి లాంటి వాసన తగిలింది. లోపల మట్టి పాత్రలో నిప్పుల మీద ధూపం వేసి, ఆ పొగను బాలింత బట్టలకు పట్టిస్తున్నారు. మా అమ్మ నా పాపకు నీళ్లు పోశాక పట్టిన పొగ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఇఫ్రా చేతుల నిండా గోరింటాకు పెట్టుకుని మహారాణిలా కూర్చుంది. ఒక్క మగవాడు లేడు. గదిలో ఇరవైమంది దాకా ఆడవాళ్లు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

నేను పిల్లవాణ్ణి చూసి, "అబ్బ, ఎంత బొద్దుగా ఉన్నాడో," అన్నాను. గది చప్పున నిశ్శబ్దమైపోయింది. హోదన్ వాళ్ల అమ్మను అందరూ ఆయేయో అంటారు, అమ్మమ్మ అని అర్థం. ఆవిడ నెమ్మదిగా, "మాషా అల్లా," అంది. మెచ్చుకున్నప్పుడు దేవుడి పేరు తలవకపోతే బిడ్డకు కన్ను తగులుతుందని హోదన్ చెవిలో చెప్పింది. దిష్టేగా. ఇంకేం చెప్పాలో తెలియక నేను రెండు చేతులూ వాడి చుట్టూ తిప్పి, నా కణతల దగ్గర మెటికలు విరిచాను. పది వేళ్లూ పటపటమన్నాయి. ఆయేయో పగలబడి నవ్వి నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీకెంతమంది?" అని అడిగింది. హోదన్ ఇంగ్లీషులో చెబుతోంది.

"ఒక్కతే."

"మరి రెండోది?"

నేను హోదన్ వైపు చూశాను. హోదన్‌కు సంగతి కొంత తెలుసు. తనే వాళ్లమ్మకు చెప్పింది. దాచాల్సిన విషయంలా కాదు, కూరలో ఉప్పు గురించి మాట్లాడినట్టే చెప్పింది. ఆయేయోకు తొమ్మిదిమంది. "ఎంతమందో దేవుడిష్టం. నేను లెక్క పెట్టలేదు. కానీ ఒక్కొక్కరికీ రెండేళ్లు పాలిచ్చాను. ఎడం పెట్టడం వేరు, ఆపేయడం వేరు," అంది.

"నీ కాలంలో అద్దె ఉందా, డేకేర్ ఉందా?" అని ఇఫ్రా అందుకుంది. "నన్ను మాత్రం ఆసుపత్రిలో, వీణ్ణి ఒళ్లో పెట్టకముందే, ఇక పిల్లలు రాకుండా ఏ మందు వాడతావని అడిగారు. ముందు వీడి మొహం చూడనివ్వండన్నాను."

నేను ధైర్యం చేసి హోదన్‌ను ఆ పుల్ల గురించి అడిగాను. తను చేతిపై బట్ట పైకి జరిపి నా వేలు పట్టుకుని మోచేతి పైన లోపలివైపు ఆనించింది. చర్మం కింద అగ్గిపుల్ల అంత సన్నగా, గట్టిగా తగిలింది. ఒక ఆడది ఇలా నలుగురిలో తన చెయ్యి నాకిచ్చి చూసుకోమంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

"ఇది పెట్టుకుంటే ఇక పిల్లలు పుట్టరటగా?"

"నాకూ ఉండేది. తలనొప్పులు పడలేక తీయించేశాను. తర్వాత వచ్చినవాడే వీడు," అని ఇఫ్రా ఒళ్లోవాణ్ణి చూపించింది. మాషా అల్లా అని ఈసారి నేనే ముందన్నాను. "అందరికీ పడదు, సిస్టర్. నీ ఒంటికి ఏది పడుతుందో డాక్టర్‌ను అడుగు."

"అడిగేది మా ఆయన."

"అయితే డాక్టర్ మాట్లాడింది మీ ఆయనతో," అంది హోదన్.

ఇఫ్రా నవ్వింది. "మా ఆయన అయితే నాకు ఐదుగురు పిల్లలు కావాలని డాక్టర్‌కు తనే చెప్పేశాడు. నేను పక్కనే కూర్చుని తలూపాను. ఆ తర్వాత నుంచి డాక్టర్ మాట నాకు, నా మాట డాక్టర్‌కు చెప్పడానికి సోమాలీ వచ్చిన ఆడమనిషే కావాలని క్లినిక్‌లో అడుగుతున్నాను. ఫోన్‌లో కలుపుతారు. ఆయన బయట కూర్చుంటాడు."

మేక మాంసంతో అన్నం పెట్టారు, పక్కన అరటిపండు. మనం పెరుగన్నంలో నంజుకున్నట్టు వాళ్లు మసాలా అన్నంలో నంజుకుంటారు. ఏలకులు, లవంగాలు వేసిన టీ మూడుసార్లు పోశారు. నాలుగింటికి బయల్దేరి ఆరులోపు రెడ్‌మండ్‌లో దిగాను.

మా ఆయన పని మధ్యలో వచ్చి మమ్మల్ని ఎక్కించుకున్నారు. కారులోనే చెప్పాను. "ఏమండీ, బుధవారం లోపలికి నేనొక్కదాన్నే వెళ్తాను."

"ఏం, నేను తప్పు చెప్పానా?"

"లేదు. నేనసలు ఏమీ చెప్పలేదు."

సిగ్నల్ మారగానే కారు కదిలిస్తూ, "సరేలే, పాపని నేను పట్టుకుంటా," అన్నారు.

ఆ గదిలో తొమ్మిదిమందిని కన్నావిడ, పుల్ల పెట్టించుకున్నావిడ, తీయించుకున్నావిడ ఒకే పళ్లెంలో తిన్నారు. ఒకరి మాట ఒకరికి నచ్చకపోయినా ఎవరి గొంతూ తగ్గలేదు. దేవుడి మీద అంత భయభక్తులున్నవాళ్లు ఒంటి సంగతి ఇంత తేటగా మాట్లాడుకోవడం చూసి నాకు ఇంకా ఆశ్చర్యం తీరలేదు. భాష రాక మూగగా ఉన్నాననుకునేదాన్ని. తెలుగులో కూడా నేను ఎవరినీ ఏమీ అడగలేదని అక్కడ తెలిసింది.

మీకు ఒక్క సలహా. క్లినిక్‌కు ముందురోజే ఫోన్ చేసి, తెలుగు మాట్లాడే లేడీ ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. నా దగ్గర డబ్బేమీ తీసుకోలేదు. లేడీ డాక్టర్ ఉంటారేమో కూడా అప్పుడే కనుక్కోండి. బుధవారం డాక్టర్ గదిలో నాకు ఫోన్‌లోంచి, "నమస్తే అమ్మా, ఏం అడగాలనుకుంటున్నారో చెప్పండి," అని ఒక ఆడగొంతు వినిపించింది. ఇరవై నిమిషాలు మాట్లాడాను.